లో బౌ కార్బన్ హాకీ స్టిక్: డ్రాగ్ ఫ్లిక్‌కు వరం, ట్రాపింగ్‌కు పరీక్ష

లో బౌ, అంటే వంపు బాగా కిందికి ఉన్న ఈ కార్బన్ హాకీ స్టిక్ ఏ స్థానంలో ఆడేవారికైనా సరిపోతుందని తయారీదారు ప్రకటించారు. సీజన్ పొడవునా దీనితో మిడ్‌ఫీల్డ్‌లో ఆడి, విడిగా పెనాల్టీ కార్నర్లు (ఫౌల్‌కు శిక్షగా గోల్ గీత దగ్గర నుంచి బంతిని అందించి గోల్‌కు షాట్ కొట్టే అవకాశం) సాధన చేశాక నేను ఆ మాటతో ఏకీభవించలేకపోతున్నాను. ఇది డ్రాగ్ ఫ్లిక్, అంటే బంతిని స్టిక్‌తో లాక్కుంటూ వెళ్లి గోల్‌లోకి విసిరే షాట్, కొట్టేవారి స్టిక్. ఆ ఒక్క పనిలో దీని పనితనం నిజంగా గొప్పది.

పొడవు 36.5 అంగుళాలు, బరువు సుమారు 530 గ్రాములు. తయారీలో 90 శాతం కార్బన్, మిగిలినది ఫైబర్‌గ్లాస్, అరామిడ్ (అదురును తగ్గించే పోగు). అంతర్జాతీయ హాకీ సమాఖ్య నిబంధనల ప్రకారం స్టిక్ వంపు 25 మిల్లీమీటర్లు దాటకూడదు, ఆ వంపు అత్యధికంగా ఉండే చోటు హెడ్ (బంతిని కొట్టే కింది కొస) అడుగు నుంచి కనీసం 200 మిల్లీమీటర్ల ఎత్తున ఉండాలి. ఈ స్టిక్‌లో వంపు 24 మిల్లీమీటర్లు, అదీ సరిగ్గా ఆ 200 మిల్లీమీటర్ల హద్దు దగ్గరే ఉంది.

దీని ప్రయోజనం పెనాల్టీ కార్నర్‌లో తెలుస్తుంది. సర్కిల్ (గోల్ ముందు గీసిన D ఆకారపు ప్రాంతం) బయట ఆపిన బంతిని స్టిక్ కింది భాగంలోని వంపులోకి తీసుకుని, శరీరాన్ని బాగా వంచి ముందుకు లాక్కుంటూ వెళ్లేటప్పుడు, బంతి ఆ వంపును వదలకుండా అంటిపెట్టుకుని ఉంటుంది, చివరి క్షణంలో మణికట్టు తిప్పగానే హెడ్ మీదుగా వేగంగా జారిపోతుంది. కార్నర్‌లో గోల్‌కు కొట్టే మొదటి షాట్ హిట్ అయితే బంతి 460 మిల్లీమీటర్లకు, అంటే గోల్ అడుగున ఉండే పలక (బ్యాక్‌బోర్డ్) ఎత్తుకు మించి గోల్ గీత దాటకూడదు. ఫ్లిక్‌కు ఆ పరిమితి లేదు. పై మూలలకు గురి పెట్టగల ఫ్లికర్‌కు ప్రతి జట్టూ అంత విలువ ఇవ్వడానికి కారణం ఇదే. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో భారత ఆటగాడు హర్మన్‌ప్రీత్ సింగ్ సాధించిన 10 గోల్స్ అన్నీ పెనాల్టీ కార్నర్ల నుంచీ పెనాల్టీ స్ట్రోక్‌ల నుంచీ వచ్చినవే.

మిడ్‌ఫీల్డ్‌లో కథ వేరు. కార్బన్ ఇంత ఎక్కువగా ఉన్న స్టిక్ బిగువుగా ఉంటుంది కాబట్టి హిట్‌లో శక్తి వృథా కాదు, కానీ గట్టిగా వచ్చిన పాస్‌ను ఆపబోతే బంతి ఎగిరి అవతలికి పోతుంది, అదురు నేరుగా అరచేతుల్లోకి వస్తుంది. అరామిడ్ పొర ఆ అదురును కొంత తగ్గించినా, చలి రోజున అది చాలదు. చేతులు బంతికి ముందుగా ఉంచకపోతే మామూలు హిట్ కూడా గాలిలోకి లేస్తుంది. రద్దీలో అది ప్రమాదకరమైన బంతిగా మారి ఫౌల్ అవుతుంది. తడి టర్ఫ్ మీద రివర్స్ ట్రాపింగ్ (స్టిక్‌ను తిప్పి పట్టి ఎడమవైపు వచ్చిన బంతిని ఆపడం) మాత్రం ఇబ్బంది పెట్టలేదు, హెడ్ ఆకారం అందుకు బాగా అనుకూలించింది.

ఆట కొత్తగా నేర్చుకునేవారికి, ముఖ్యంగా పిల్లలకు, దీన్ని కొనవద్దని గట్టిగా చెబుతాను. ఫైబర్‌గ్లాస్ ఎక్కువగా ఉండి, వంపు మధ్యలో ఉన్న స్టిక్ వారి చేతికి బంతి స్పర్శను నేర్పుతుంది. డిఫెండర్లకు కూడా అదే మేలు. జట్టులో ఫ్లిక్ బాధ్యత తీసుకున్నవారు, సాధనకు సమయం కేటాయించగలిగినవారు మాత్రం నిస్సంకోచంగా దీన్ని ఎంచుకోవచ్చు.

మన్నిక విషయంలో ఒక్క లోపం ఉంది. ఇసుక నింపిన టర్ఫ్ మీద రివర్స్ ఎడ్జ్‌తో తరచూ కొట్టడం వల్ల హెడ్ అంచున పూత లేచి, కార్బన్ పోగులు బయటపడ్డాయి. స్టిక్‌కు గరుకైన, పదునైన భాగాలు ఉండకూడదన్నది నిబంధన, కాబట్టి అంపైర్ దానిని పక్కన పెట్టమనే వీలుంది. మొదటి రోజు నుంచే ఆ అంచుకు పలుచని రక్షణ టేపు చుట్టి, టేపుతో సహా స్టిక్ నిబంధనల్లో చెప్పిన 51 మిల్లీమీటర్ల కొలత రింగులోంచి ఇంకా దూరుతోందో లేదో చూసుకుని వాడాలి.