మూడు వాయువుల ఇంక్యుబేటర్: ఏడాది వాడకం తర్వాత

ఆవు పిండాలను పెంచడానికి ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్, నైట్రోజన్ పాళ్లను అదుపులో ఉంచే ఈ ఇంక్యుబేటర్‌ను మా ల్యాబులో ఏడాదిగా వాడుతున్నాము. గాలిలో ఆక్సిజన్ దాదాపు 21 శాతం ఉంటే పిండం మొదట పెరిగే గొట్టమైన అండవాహికలో అంతకన్నా చాలా తక్కువ కనుక, నైట్రోజన్ పంపి ఆక్సిజన్‌ను 5 శాతానికి దించి, ఉష్ణోగ్రతను 38.5 డిగ్రీల సెల్సియస్ వద్ద నిలుపుతాము. ఆక్సిజన్ ఎక్కువైతే ఆక్సీకరణ ఒత్తిడిని (ఆక్సిజన్ నుంచి పుట్టే చురుకైన అణువులు కణాలకు చేసే హానిని) ఎదుర్కొనే జన్యువుల వ్యక్తీకరణ, అంటే అవి పనిచేసే తీరు, మారిపోతుంది. పైగా 8–16 కణాల దశలోనే పిండం సొంత జన్యువులు పెద్దఎత్తున పని మొదలుపెడతాయి కాబట్టి, ఆ రోజుల్లో ఊరికే తలుపు తీసి బయటి గాలిని లోపలికి రానిచ్చేవారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. యంత్రంలోని అసలు లోపమూ అక్కడే ఉంది: తలుపు మూశాక తెరమీద ఆక్సిజన్ అంకె మళ్లీ 5కు దిగడానికి పావుగంట పట్టింది. ఆరో నెలలో సెన్సారు తప్పు చూపితే, విడిగా మరో మీటరుతో కొలిచాకే బయటపడింది. ఉష్ణోగ్రత విషయంలో వంక పెట్టలేము. నైట్రోజన్ సిలిండర్ల ఖర్చును మాత్రం కొనేముందే లెక్క వేసుకోవాలి.