కార్ల మైలేజీ పెరగాలంటే నిబంధనా, పెట్రోలు పన్నా: ఏది మేలు?

కేఫ్ (ఒక కంపెనీ అమ్మే కార్లన్నీ సగటున ఎంత ఇంధనం తాగొచ్చో ప్రభుత్వం పెట్టే పరిమితి) మూడో దశ ముసాయిదా బయటికొచ్చిన దగ్గర్నుంచి ఒకటే ప్రశ్న పదేపదే వస్తోంది. కారు ఎంత మైలేజీ ఇవ్వాలో కంపెనీలకు ప్రభుత్వం చెప్పడం ఎందుకు, పెట్రోలు మీద పన్ను వేస్తే జనమే మంచి మైలేజీ బండి వెతుక్కోరా అని.

ఈ వాదన కొట్టిపారేసేది కాదు. కేఫ్ నిబంధన కొత్త కార్లకే వర్తిస్తుంది. పదేళ్ల కిందట కొన్న డీజిల్ కారును అది తాకదు, పన్ను తాకుతుంది. నెలకోసారి గుడికి తీసే కారూ, రోజూ మియాపూర్ నుంచి గచ్చిబౌలికి పరిగెత్తే కారూ నిబంధన లెక్కలో ఒకటే. పన్నుకు మాత్రం ఎంత తిప్పితే అంత భారం. అందుకే ఆర్థికశాస్త్రం చదివినవాళ్లలో ఎక్కువమంది అటువైపే మొగ్గుతారు.

కానీ ఆ పన్ను మన దగ్గర ఎప్పటినుంచో ఉంది. పెట్రోలు మీద తెలంగాణ వేసే వ్యాట్ 35.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 31 శాతం, ఆపైన లీటరుకు 4 రూపాయలు, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. 2024 మార్చిలో కేంద్రం ధర తగ్గించాక కూడా ఢిల్లీలో లీటరు 95 రూపాయల లోపుంటే హైదరాబాద్‌లో 107 దాటింది. అంత తేడా ఉన్నా హైదరాబాద్ రోడ్ల మీద పెద్ద ఎస్‌యూవీలకు కొదవేమీ లేదు. పాతిక లక్షలు పెట్టి కారు కొనేవాడు లీటరుకు పన్నెండు రూపాయల తేడా చూసి ఆగడు. ఆ తేడా తగిలేది బైకు మీద డెలివరీలు చేసే కుర్రాడికి. పెట్రోలియం శాఖ కోసం చేసిన సర్వే ఒకటి 2014లో వచ్చింది. దేశంలో అమ్ముడయ్యే పెట్రోలులో 60 శాతానికి పైగా ద్విచక్ర వాహనాలే తాగుతున్నాయని అందులో తేలింది. అంటే కార్లను దారికి తేవడానికి వేసే పన్నులో సగానికి పైగా బైకులవాళ్లే కడతారు.

పైగా ఆ పన్ను నిలకడగా ఉండేది కాదు. 2020 మేలో ముడిచమురు ధర పడిపోయినప్పుడు కేంద్రం పెట్రోలు మీద 10, డీజిల్ మీద 13 రూపాయలు పెంచింది. 2021 నవంబరులో, మళ్లీ 2022 మేలో తగ్గించింది. కొత్త ఇంజన్ తయారీకి ఏళ్లు పడుతుంది. ఇలా ఊగే అంకెను నమ్ముకుని ఏ కంపెనీ డబ్బు పెడుతుంది?

అందుకే నా మొగ్గు నిబంధన వైపు. అయితే ఏ నిబంధన అన్నదే నా దృష్టిలో అసలు సంగతి. దాని గురించి టీవీ చర్చల్లో దాదాపు ఎవరూ మాట్లాడరు.

బండి ఎంత ఇంధనం తాగితే అంత కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది కాబట్టి కేఫ్ లక్ష్యాన్ని ఆ వాయువు గ్రాముల్లో చెబుతారు. మన లక్ష్యం 2017 ఏప్రిల్ నుంచి కిలోమీటరుకు 130 గ్రాములు. 2022 ఏప్రిల్ నుంచి 113 గ్రాములు. ఇది దేశం మొత్తానికి చెప్పే అంకె. ఒక్కో కంపెనీ అందుకోవాల్సిన లక్ష్యం మాత్రం అది అమ్మే కార్ల సగటు బరువును బట్టి మారుతుంది. రెండో దశ సూత్రంలో బరువుకు పెట్టిన గుణకం 0.002. అంటే సగటు బరువు 100 కిలోలు పెరిగితే, 100 కిలోమీటర్లకు 0.2 లీటరు ఎక్కువ తాగడానికి అనుమతి దొరుకుతుంది. లెక్క వేసి చూడండి. సగటున 850 కిలోల కార్లు అమ్మే కంపెనీ లీటరుకు సుమారు 23 కిలోమీటర్లు ఇచ్చి తీరాలి. 1,400 కిలోల కార్లు అమ్మే కంపెనీకి పద్దెనిమిదిన్నర సరిపోతుంది. తేలిక కారు చేసినవాడికి కష్టమైన పరీక్ష, బరువు కారు చేసినవాడికి తేలిక పరీక్ష.

ఇలా గీత గీస్తే కంపెనీలు ఏం చేస్తాయో ముందే తెలుసు. అమెరికా 1975లో ఇలాంటి చట్టం తెచ్చింది. అందులో ‘లైట్ ట్రక్కు’లకు కార్ల కంటే మెత్తటి లక్ష్యం పెట్టారు. ఆ తర్వాత కుటుంబాలు వాడుకునే వాహనాలు ఒక్కొక్కటిగా ట్రక్కుల లెక్కలోకి వెళ్లాయి. క్రైస్లర్ వాళ్ల పీటీ క్రూజర్ లాంటి చిన్న బండి కూడా కాగితాల్లో ట్రక్కే. జపాన్‌లో బరువు మెట్ల ప్రకారం లక్ష్యాలు ఉంటే, కార్ల బరువులు సరిగ్గా మెట్టు దాటిన చోట గుంపుగా కనిపించాయని ఆర్థికవేత్తలు ఇటో, సలీ చూపించారు. మన దగ్గర పన్ను రాయితీకి నాలుగు మీటర్ల గీత గీస్తే టాటా ఇండిగో సీఎస్ పుట్టింది, తర్వాత మారుతి డిజైర్ డిక్కీ కుదించుకుపోయింది.

2025 సెప్టెంబర్‌లో వచ్చిన మూడో దశ ముసాయిదాలో ఇంకో గీత వచ్చింది. 909 కిలోల లోపు బరువు, 1,200 సీసీ లోపు ఇంజన్, నాలుగు మీటర్ల లోపు పొడవు ఉన్న పెట్రోలు కార్లకు కిలోమీటరుకు 3 గ్రాముల వెసులుబాటు ఇస్తామన్నారు. మారుతి సరేనంది. టాటా, మహీంద్రా వద్దన్నాయి. ఇది ఒక్క కంపెనీకే లాభమన్న వాళ్ల అభ్యంతరంలో నిజం లేకపోలేదు. కానీ నా బాధ వేరు. చిన్న కార్లకు అన్యాయం చేస్తున్నది బరువు గుణకమే అని తెలిసినప్పుడు దాన్నే తగ్గించాలి. దాన్ని అలాగే ఉంచి పక్కన 909 దగ్గర ఇంకో మెట్టు కడితే, రేపు 915 కిలోల కారు చేసినవాడు ఏం పాపం చేసినట్టు?

గుణకం పూర్తిగా తీసేసి అందరికీ ఒకే లక్ష్యం పెట్టడం న్యాయమేనా అంటే, ఒక్కసారిగా కాదు. ఏడు సీట్ల బండ్లే ఎక్కువగా అమ్మే కంపెనీ ఒక్క ఏడాదిలో మారలేదు. గుణకాన్ని దశలవారీగా సగానికి, ఆపైన ఇంకా కిందికి తెచ్చి, లక్ష్యం కంటే మెరుగ్గా చేసిన కంపెనీ తన మిగులును, వెనకబడ్డ కంపెనీకి క్రెడిట్లుగా అమ్ముకోనిస్తే చాలు. బరువు తగ్గితే భద్రత పోతుందన్న మాట వింటూనే ఉన్నాం. గుద్దుకున్నప్పుడు బరువు కారు లోపలివాళ్లను కాపాడుతుందన్నది నిజమే. ఎదుటి ఆల్టోలో ఉన్నవాళ్ల సంగతి మాత్రం ఆ లెక్కలోకి రాదు. భద్రతకు కార్లను గుద్దించి చూసి స్టార్లు ఇచ్చే భారత్ ఎన్‌క్యాప్ పరీక్ష ఉంది, ఆ పని దాన్ని చేయనివ్వండి.

నిబంధన పనిచేయాలంటే జరిమానా కూడా నిజంగా పడాలి. ఇంధన పొదుపు చట్టానికి 2022లో చేసిన సవరణ ప్రకారం లక్ష్యాన్ని 100 కిలోమీటర్లకు 0.2 లీటరు లోపు మీరితే అమ్మిన ప్రతి కారుకు 25,000 రూపాయలు, అంతకు మించితే 50,000. అమెరికాలో 2025 జూలైలో జరిమానాను సున్నా చేసేశారు. అక్కడ చట్టం ఇంకా ఉంది, దానికి భయపడేవాళ్లే లేరు.

మిగతా దారుల గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. స్టార్ లేబుళ్లు ఫ్రిజ్‌కు పనికొచ్చినంతగా కారుకు పనికిరావు. మన జనం షోరూమ్‌లో మొదట అడిగేదే మైలేజీ. జీఎస్‌టీ 2025 సెప్టెంబర్ నుంచి చిన్న కార్లకు 18, పెద్దవాటికి 40 శాతం అయింది. మంచిదే గానీ అది చూసేది ఇంజన్ సైజునూ పొడవునూ, ఎంత ఇంధనం తాగుతుందో కాదు. ఒక ఎలక్ట్రిక్ కారును కంపెనీ సగటులో మూడు కార్లుగా లెక్కపెట్టే సూపర్ క్రెడిట్లు తొలిరోజుల్లో సాయపడి ఉండొచ్చు. ఇప్పుడు మాత్రం వాటివల్ల కాగితం మీద సగటు తగ్గినంతగా రోడ్డు మీద తగ్గదు.

2027 ఏప్రిల్ నుంచి అమలు చేయాలనుకున్న మూడో దశకు 2025 సెప్టెంబర్‌లో వచ్చిన ముసాయిదాలోనూ ఆ బరువు గుణకాన్ని 0.002గానే ఉంచారు.