హాంకాంగ్‌లో ఖరీదైన చైనీస్: మధ్యాహ్నం డిమ్ సమ్ మేలా, రాత్రి డిన్నర్ మేలా?

హాంకాంగ్ వెళ్తున్నాం, ఒక్క పూటైనా మంచి పెద్ద చైనీస్ రెస్టారెంట్‌లో తినాలి, ఏ పూట వెళ్లమంటావ్ అని మా తమ్ముడు అడిగాడు. మధ్యాహ్నమే వెళ్లరా అన్నాను. రెండు పూటలూ తిని, రాత్రి పూట చేతులు కాల్చుకుని చెప్తున్న మాట ఇది.

అక్కడ డిన్నర్ అంటే గుండ్రటి బల్ల, మధ్యలో తిరిగే పళ్లెం, ఏది తెప్పించినా అందరూ పంచుకోవడమే. ఎనిమిది పది మంది ఉంటేనే దాని అందం. మేం వెళ్లింది నలుగురం, అందులో మా అత్తగారు శాకాహారి. ఒక చేప, సగం బాతు, ఒక ఆకుకూర చెప్పేసరికే బల్లా నిండింది, పొట్టా నిండింది, ఇంకో రుచి చూద్దామంటే చోటు లేదు. పైగా మెనూలో చేపకి ఎదురుగా అంకె ఉండదు, ‘ఆ రోజు ధర’ అని ఉంటుంది. మేం మొహమాటపడి అడగలేదు. తూకం కూడా కిలోల్లో కాదు, క్యాటీలు, టేల్‌లు. క్యాటీ అంటే దాదాపు 600 గ్రాములు, అందులో పదహారో వంతు టేల్. టేల్ ధర చెప్తే మనకి చవగ్గానే వినిపిస్తుంది మరి! బిల్లు చూశాక మా ఆవిడ హోటల్ గదికి వెళ్లేదాకా మాట్లాడలేదు. చేప ఎంత తూగుతుంది, మొత్తం ఎంతవుతుంది అని ముందే అడిగేయండి, అక్కడివాళ్లూ అడుగుతారు, అందులో నామోషీ ఏమీ లేదు.

చేపని మాత్రం తప్పు పట్టను. పైన అల్లం, ఉల్లికాడలు, కాస్త సోయా, సలసల కాగిన నూనె, అంతే. పులుసుకి అలవాటుపడ్డ నోటికి ముందు చప్పగా ఉంటుంది గానీ, చేప అంత తాజాగా లేకపోతే అలా వండే ధైర్యం ఎవరూ చేయరు.

మధ్యాహ్నం లెక్క వేరు. దాన్ని యమ్ చా అంటారు, అంటే టీ తాగడం. టీ పేరుకే, అసలు పని డిమ్ సమ్‌ది, అంటే వెదురు బుట్టల్లో మూడేసి, నాలుగేసి వచ్చే ఆవిరి కుడుముల్లాంటి చిరుతిళ్లది. నలుగురికి ఏడెనిమిది రకాలు సులువుగా రుచి చూడొచ్చు, నచ్చకపోతే పోయేది ఒక బుట్టే. హార్ గావ్ చూడండి, రొయ్యల కుడుము, పొర ఎంత పల్చగా ఉంటుందంటే లోపలి గులాబీ రంగు బయటికి కనబడుతుంది, ఎత్తినప్పుడు చినగదు, బుట్టకి అంటుకోదు. బియ్యప్పిండిని ఆవిరి మీద పల్చటి అట్టులా పోసి చుట్టే చెంగ్ ఫన్ అయితే మా పిల్లాడు ఒక్కడే రెండు ప్లేట్లు లాగించాడు. ఎవరైనా కప్పులో టీ పోస్తే రెండు వేళ్లతో బల్ల మీద తట్టండి, అది థాంక్స్ చెప్పడం. కూజా మూత పక్కకి జరిపి పెడితే వేడినీళ్లు పోసి వెళ్తారు. మా బిల్లు ముందు రాత్రి దాంట్లో సగం కూడా కాలేదు, తలకింత అని టీకి వేసింది, పది శాతం సర్వీస్ చార్జీ కలిపినా సరే.

శాకాహారులకి రెండు పూటలా తిప్పలే. ముల్లంగి కేక్ అని పేరు చూసి మురిసిపోకండి, అందులో పంది సాసేజ్, ఎండు రొయ్యలు వేస్తారు. ఆకుకూర మీద ఆల్చిప్పలతో చేసే ఆయిస్టర్ సాస్ పోస్తారు, వద్దు, వెల్లుల్లితో చేయండి అని చెప్పాలి. ఎక్స్‌ఓ సాస్ అనే కారం సాస్‌లోనూ హామ్, అంటే పంది మాంసం ఉంటుంది. ఏం తినరో చైనీస్‌లో కాగితం మీద రాయించుకుని వెళ్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

అంత ఖర్చెందుకు అనుకుంటే ఇంకో దారి ఉంది. చైనీస్ రెస్టారెంట్లలో మొదటిసారి మూడు మిషెలిన్ స్టార్లు (మంచి రెస్టారెంట్లకి మిషెలిన్ గైడ్ ఇచ్చే గుర్తింపు, మూడే గరిష్ఠం) తెచ్చుకున్న లుంగ్ కింగ్ హీన్‌లో డిమ్ సమ్ చేసిన మాక్ క్వాయ్ పుయ్, 2009లో టిమ్ హో వాన్ అని చిన్న హోటల్ పెట్టాడు, దానికీ స్టార్ వచ్చింది. అక్కడ కాల్చిన బార్బెక్యూ పోర్క్ బన్ తినాలి. కాకపోతే తీరిగ్గా కూర్చుని కబుర్లు చెప్పుకునే చోటు కాదది, తిని లేవడమే.

మీరు పది మంది, చేపలంటే ప్రాణమిచ్చే పెద్దవాళ్లున్నారు అంటే రాత్రికే వెళ్లండి. నలుగురైదుగురైతే పగలే.

ఇంత చెప్పాక మా తమ్ముడు అడిగింది, అక్కడ చికెన్ మంచూరియా బాగుంటుందా అని. అది 1975లో ముంబైలో నెల్సన్ వాంగ్ కనిపెట్టిందిరా, అక్కడ దొరకదు అంటే నమ్మడే!