ముందు అడిగి, తర్వాత మందు ఇచ్చే షాపు

రాజమండ్రి దానవాయిపేటలో మా ఇంటికి రెండు వీధుల అవతల ఉన్న చిన్న మెడికల్ షాపు ఇది. ముందు బండి పెట్టుకునే చోటు లేదు, డిస్కౌంట్ ఇవ్వరు, ఆదివారం మధ్యాహ్నం మూసేస్తారు. అయినా అమ్మ మందులు ఇక ఇక్కడే కొంటాను.

అమ్మకు 68 ఏళ్లు. మోకాళ్ల నొప్పులకు డాక్టరు ఐదు రోజులకని రాసిన ఎసిక్లోఫెనాక్ మాత్రను మూడు వారాలుగా పూటకొకటి మింగుతోంది. ఈలోగా మోషన్ సరిగా కావడం లేదంటే, మెయిన్ రోడ్డులోని వేరే షాపువాళ్లు ఒక్క మాట అడక్కుండా మిల్క్ ఆఫ్ మెగ్నీషియా సీసా ఇచ్చారు. రెండు రోజులకే నీళ్ల విరేచనాలు. నోరు పిడచకట్టుకుపోయి, లేస్తే కళ్లు తిరుగుతున్నాయంది.

అదే వారం నొప్పి మాత్రలకు ఈ షాపుకు వెళ్లాను. ఫార్మసిస్ట్ ఆవిడ షీటు కత్తిరించబోయి ఆగింది. "అమ్మగారికి బీపీ ఉందా అండీ? ఏ మాత్ర వాడుతున్నారు?" ఫోన్‌లో ఫొటో చూపించాను. టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసింది. విరేచనాల సంగతీ చెప్పాను.

ఆవిడ కత్తెర పక్కన పెట్టేసింది. విరేచనాలతో ఒంట్లో నీళ్లు, ఉప్పు పోతాయట. అలాంటప్పుడు కిడ్నీకి రక్తం అందేలా చూసేవి ఒంట్లోనే తయారయ్యే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు. నొప్పి మాత్ర వాటినే తగ్గిస్తుంది. బీపీ మాత్ర కూడా తోడైతే కిడ్నీ మీద భారం ఇంకా ఎక్కువ. కిడ్నీ మందగిస్తే ఆ సీసాలోని మెగ్నీషియం బయటికి పోక రక్తంలో పేరుకుంటుంది. "ఈ మాత్రలు ఇవాళ అమ్మనండీ. ముందు డాక్టరుకు చూపించి, కిడ్నీ పనితీరు తెలిసే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించండి" అంది. ఆ అమ్మకం పోతుందని తెలిసీ చెప్పింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

క్రియాటినిన్ 1.6 వచ్చింది, ఉండాల్సినదానికంటే ఎక్కువ. డాక్టరుగారు నొప్పి మాత్ర, సీసా రెండూ మాన్పించి, బీపీ మాత్ర మార్చారు. పది రోజులకు 1.0కి దిగింది.

ఇప్పుడు మోకాళ్లకు పైపూత జెల్, అవసరమైతే పారాసిటమాల్. మోషన్‌కు ఇసబ్‌గోల్. అది కొన్నప్పుడు కూడా ఆవిడ పాత బిల్లు వెనక పెద్ద అక్షరాలతో రాసిచ్చింది: "నిండు గ్లాసు నీళ్లతో, వెంటనే తాగాలి. మిగతా మాత్రలకు రెండు గంటల ఎడం." నీళ్లు చాలకపోతే గొంతులోనే ఉబ్బి అడ్డుపడుతుందట. ఆ కాగితం మా ఫ్రిజ్ తలుపు మీద అంటించి ఉంది. అమ్మ రోజూ చదివే వేసుకుంటోంది.