డిస్నీ తిండి వీడియోలు నల్లగొండ బండికి ఎంతవరకు పనికొస్తాయి?

ముందే తేల్చి చెప్తా. డిస్నీ సినిమా కంపెనీ వాళ్ల పెద్ద వినోదపార్కుల్లో (థీమ్ పార్కులంటారు) దొరికే తిండి గురించి అభిమానులు పెట్టే వీడియోలను వంటకాల కోసమే చూస్తే సగం టైమ్ దండగ. ఆ తిండి ఎట్లా అమ్ముతారు, లైను ఎట్లా కదులుతుంది, చెత్త ఎటు పోతుంది అని తెర వెనక సంగతులు చూపించేవి కొన్ని ఉంటాయి. మాలాంటి వాళ్లకు అసలు సరుకు అక్కడుంది. కొన్నేళ్లుగా రెండు రకాలూ చూస్తున్నా, చూసినవాటిలో కొన్ని చేసి అమ్ముతున్నా కూడా.

మాది నల్లగొండలో సాయంత్రం పూట నడిచే చిరుతిళ్ల బండి. ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌లో ఎగ్జిబిషన్ పడితే అక్కడ, మాఘమాసంలో చెర్వుగట్టు జాతరకు గుట్ట కింద స్టాల్ వేస్తాం. అమెరికా పార్కుల్లో నేను కాలు పెట్టలేదు. మా మేనల్లుడు ఫ్లోరిడాలో డిస్నీ పార్కుకు పోయినప్పుడు "మామా, నీ బజ్జీల బండి ఇక్కడ పెడితే కోటీశ్వరుడివైతవ్" అని ధరల బోర్డు ఫొటో పంపాడు. ఆ ధరలు చూశాక మొదలైన పిచ్చి ఇది.

వంటకాలతో మొదలుపెడతా. డోల్ విప్ అని ఒకటుంది. పైనాపిల్ రుచితో మెత్తగా, సుడులు సుడులుగా కప్పులోకి దిగే చల్లటి తిండి. 2020లో కరోనాకు పార్కులన్నీ మూతపడ్డప్పుడు డిస్నీ వాళ్లే ఇంట్లో చేసుకునే పద్ధతి బయటపెట్టారు: ఒక పెద్ద స్కూపు వెనిల్లా ఐస్‌క్రీమ్, 120 మిల్లీలీటర్ల పైనాపిల్ రసం, రెండు కప్పుల గడ్డకట్టిన పైనాపిల్ ముక్కలు, మూడూ మిక్సీలో వేసి తిప్పడమే. అభిమానులు వెంటనే పట్టేశారు, పార్కులో ఇచ్చేదాంట్లో పాలే ఉండవు కదా, ఇందులో ఐస్‌క్రీమ్ ఎందుకొచ్చిందని. అక్కడ పొడి కలిపి మిషన్‌లో తిప్పుతారు. మిషన్ లేని మనకు ఆ మెత్తదనం రావాలంటే ఐస్‌క్రీమ్‌లో ఉండే వెన్నే దిక్కు. అది మానేసి చేస్తే ఐస్‌గోలా అవుతుంది. రుచికి బాగానే ఉంటుంది గానీ చెంచాకు అంటుకోదు.

పైనాపిల్ మన దగ్గర పండదు. నల్లగొండలో ఉండి బత్తాయి వదిలి పైనాపిల్ అమ్మడం నాకే సిగ్గనిపించింది. మార్కెట్ యార్డు పక్కనే ఉంది, సీజన్‌లో కాయ గుట్టలుగా దిగుతుంది. కానీ బత్తాయి ఈ పనికి లొంగదు. రసం తీసి పెడితే కాసేపటికి చేదెక్కుతుంది, గింజ నలిగినా, లోపలి తెల్లతోలు పిండినా ఆ చేదు ఇంకా తొందరగా వస్తుంది. పైనాపిల్‌లో గుజ్జుంది, బత్తాయిలో అంతా నీళ్లే, గడ్డకట్టించి తిప్పితే పలచగా జారిపోతుంది. చిక్కదనానికి అరటిపండు కలిపితే అరటిపండు వాసన తప్ప ఇంకేం మిగల్లేదు.

దారి మళ్లీ అభిమానుల వీడియోల్లోనే దొరికింది. పార్కులో డోల్ విప్‌ను పైనాపిల్ రసం మీద తేలేసి ఫ్లోట్ అని అమ్ముతారు. నేను అప్పటికప్పుడు పిండిన బత్తాయి రసం గ్లాసులో పోసి, పైన పైనాపిల్‌ది ఒక గరిటె వేస్తున్నా. రసం నిలవ ఉండే పనే లేదు కాబట్టి చేదు గొడవా లేదు. ఎండాకాలంలో బజ్జీల కన్నా ఇదే ముందు అయిపోతుంది.

ఐస్‌క్రీమ్ పద్ధతికి నూటికి నూరు సరిపోయిన పండు మాత్రం సీతాఫలం. బాలానగర్ పేరు మీద ఒక సీతాఫలం రకమే ఉంది, మహబూబ్‌నగర్ జిల్లా సొత్తు అది. సీజన్‌లో జడ్చర్ల రోడ్డు మీద గంపల్లో పెట్టి అమ్ముతుంటారు. గుజ్జు గడ్డకట్టించి, కొంచెం ఐస్‌క్రీమ్, రెండు చెంచాల పాలు పోసి తిప్పితే ఏ మిషన్‌లోంచీ రానంత మెత్తగా వస్తుంది. గింజ తీయడమే చావు. మిక్సీలో గింజతో వేస్తే గుజ్జు పాడవుతుంది, వేడి చేసి తీద్దామంటే గుజ్జు చేదెక్కి రంగు మారుతుంది. జల్లెడ మీద చేత్తో రుద్దాల్సిందే. ఆ కూలీ లెక్కేస్తే లాభం సన్నమే, అయినా దీన్ని మానను.

చుర్రో అని నూనెలో వేయించిన పొడుగాటి తీపి తిండి ఇంకోటి ప్రసిద్ధం. దీన్ని కూడా 2020లోనే వాళ్లు చిన్న ముక్కలుగా చేసుకునే పద్ధతిలో చెప్పారు. నీళ్లు, వెన్న, ఉప్పు, దాల్చినచెక్క పొడి మరిగించి, అందులో మైదా పోసి కలిపి, దించాక గుడ్లు కొట్టి, నూనెలో వేయించి, దాల్చినచెక్క కలిపిన చక్కెరలో దొర్లించాలి. మరుగుతున్న నీళ్లలో పిండి పోసి ముద్ద చేయడం చూసి మా ఆవిడ "ఇది మన చేగోడీల పిండి గదా" అంది. ఆమె లెక్కే కరెక్టు, ఆ చేయి తెలిసినవాళ్లకు చుర్రో అరగంట పని.

రెండు చిక్కులొచ్చాయి. ఒకటి దాల్చినచెక్క. చక్కెరలో దాని వాసన మనవాళ్లకు ఎక్కదు. "గిదేంది అన్నా, బిర్యానీ వాసనొస్తుంది?" అని ఒక పిల్లగాడు అడిగేశాడు, వాడి వెనక లైనంతా నవ్వింది. ఇలాచీ పొడికి మారాక ఎవరూ నవ్వలేదు. రెండోది గుడ్డు. జాతరకు వచ్చేవాళ్లలో ఉపవాసాలు, మొక్కులు ఉన్నవాళ్లుంటారు. చుర్రోలో గుడ్డుందని తెలిస్తే బండి దగ్గరికే రారు. గుడ్డు లేకుండా చేస్తే లోపల బోలు తగ్గుతుంది, కొంచెం గట్టిగా వస్తుంది. వేడివేడిగా ఇచ్చేస్తే ఎవరూ పట్టించుకోరు. చల్లారితే మాత్రం అమ్మకండి, నమలడం కష్టం.

ఇక్కడ ఒక జాగ్రత్త, ఇది చాలా వీడియోల్లో ఉండదు. పిండిని నక్షత్రం చిల్లున్న బిళ్లలోంచే వత్తాలి. గుండ్రటి చిల్లులోంచి లావుగా వత్తితే పైన గట్టిపడి, లోపలి ఆవిరికి దారి లేక నూనెలో పగులుతుంది, సలసల కాగే నూనె మీద పడుతుంది. మురుకుల గొట్టంలో నక్షత్రం బిళ్ల ఉండనే ఉంటుంది, కొత్తది కొనక్కర్లేదు. నూనె వేడి వాళ్లు 350 ఫారెన్‌హీట్ అంటారు, మన లెక్కలో 175 డిగ్రీల పైచిలుకు. కప్పు అంటే 240 మిల్లీలీటర్లు. ఈ రెండూ గోడ మీద రాసుకుంటే సగం టెన్షన్ పోతుంది.

పార్కుల్లో అమ్మే టర్కీ కోడి కాలు గురించి ఎక్కువ చెప్పను. చేతిలో పట్టుకుంటే గదలా ఉంటుంది, అంత పెద్దది కోడిదెట్లా అవుతుంది, ఈమూ పక్షిది అయ్యుంటుందని అమెరికాలోనే పుకారుంది. అది మగ టర్కీ కోడిదే, మగవి బాగా పెద్దగా పెరుగుతాయి. పొగ పెట్టేముందు ఉప్పునీళ్లు పట్టిస్తారు, పంది మాంసం రుచి వస్తుందని తిన్నవాళ్లు అనేది అందుకే. ఆ ఉప్పునీళ్ల ముక్క మాత్రం నేను తీసుకున్నా. చికెన్ లెగ్ పీసులు రాత్రంతా ఉప్పునీళ్లలో నానబెట్టి పొద్దున మసాలా పట్టిస్తే, బొగ్గుల మీద అంత తొందరగా ఎండిపోవు.

నాకు వీటన్నిటికన్నా నచ్చిన కథ డోరిటోస్ చిప్స్‌ది. 1955లో కాలిఫోర్నియాలో డిస్నీల్యాండ్ తెరిచారు, ఆ ఏడాదే అందులో కాసా డి ఫ్రీటోస్ అని ఒక మెక్సికన్ హోటల్ వచ్చింది. మిగిలిపోయిన మొక్కజొన్న రొట్టెలు పారేస్తుంటే, రొట్టెలు సప్లై చేసే కంపెనీ మనిషి చూసి, వాటిని ముక్కలు కోసి వేయించి అమ్మండని వంటమనిషికి చెప్పాడట. అవి బాగా పోవడం చిప్స్ కంపెనీ ఫ్రీటో-లే పెద్దల కంట్లో పడింది, 1966 నాటికి డోరిటోస్ పేరుతో అమెరికా అంతా అమ్మారు. అంటే ఇవాళ కిరాణా కొట్లో వేలాడే ఆ ప్యాకెట్ పార్కులో మిగిలిన రొట్టె నుంచి పుట్టింది.

మాకు మిగిలేది జొన్నరొట్టె. మిగిలిన రొట్టెను ఉన్నదున్నట్టు వేయిస్తే నూనె తాగి తోలులా సాగుతుంది. పలచగా చేసినదైతే మూడు మూలలుగా కోసి, ఎండలో గలగలలాడేదాకా ఆరబెట్టి వేయించాలి. పైన పల్లీల కారం చల్లితే చాలు, జున్ను పొడులూ అవీ అక్కర్లేదు. బజ్జీ కోసం నిలబడ్డవాళ్లు రెండు నోట్లో వేసుకుని ఒక పొట్లం కట్టించుకుని పోతారు. ఇంకో మాట, దీనికి బెట్ట ఎండ కావాలి, ముసురు రోజుల్లో చేయబోకండి.

తెర వెనక సంగతులకొస్తే, ఫ్లోరిడాలో 1971 అక్టోబర్ 1న తెరిచిన మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కులో జనం నడిచే వీధి నిజానికి మేడ మీద ఉంది. అక్కడ తవ్వితే నీళ్లు పడతాయని, నేల మట్టంలోనే సొరంగాలు కట్టి, వాటిమీద మట్టి నింపి, పార్కు పైన నిలబెట్టారు. సరుకులు, వేషాలు వేసుకునే పనివాళ్లు, అంతా కిందినుంచే. చెత్తను కూడా గొట్టాల్లో గాలితో పీల్చి దూరంగా ఉన్న చోటికి పంపిస్తారు. చూయింగ్ గమ్ అక్కడ అమ్మనే అమ్మరు, నేలకంటుకుంటుందని. అడుగడుగునా చెత్తబుట్టలు పెడతారు, చేతిలో కాగితం ఎంతదూరం మోస్తారో చూసి పెట్టారని అభిమానులు దూరాలు కొలిచి మరీ చూపిస్తారు.

ఇది చూశాకే నేను బండి పక్కనున్న ఒక్క డ్రమ్మును తీసేసి, తిన్నవాళ్లు నడుచుకుంటూ పోయే దారిలో అక్కడొకటి అక్కడొకటి చిన్న డబ్బాలు పెట్టా. బండి ముందర నిలబడి తినే గుంపు తగ్గింది, అందరూ కదులుతూ తింటున్నారు, కొత్తవాళ్లకు చోటు దొరుకుతుంది. చుర్రోనైనా టర్కీ కాలునైనా ఒంటిచేత్తో పట్టుకుని నడుస్తూ తినేలా ఎందుకు చేస్తారో అప్పుడు అర్థమైంది. ప్లేటు, చెంచా ఉన్నాయంటే మనిషి ఆగుతాడు.

వాసన సంగతి కూడా అంతే. స్మెల్లిట్జర్ అని వాసనలు వదిలే యంత్రమే ఉంది వాళ్ల దగ్గర. సోరిన్ అనే రైడులో నారింజ తోటల మీద ఎగురుతున్నట్టు చూపించేటప్పుడు నారింజ వాసన వదిలేవారు. నా దగ్గర యంత్రం లేదు, బత్తాయి తొక్కలున్నాయి. పిండిన తొక్కలు కొన్ని ముందర బల్ల మీద పెడతా, గంటకోసారి మార్చేస్తా. ఉల్లిపొట్టు, వాడిన శనగపిండి నీళ్లు మాత్రం టార్పాలిన్ వెనక్కి పోవాల్సిందే.

అయితే అంతా దాచే పద్ధతి ఇక్కడ పనికిరాదు, వాళ్లతో నాకు పేచీ ఇక్కడే. అక్కడ వెనకభాగం చూడాలంటే డబ్బులు కట్టి కీస్ టు ది కింగ్‌డమ్ అనే టూర్‌కు పోవాలి. మన జిల్లాలో బల్ల మీద గ్లాసు పెట్టగానే వచ్చే మొదటి ప్రశ్న "ఏ నీళ్లు పోసినవ్?" ఫ్లోరైడ్‌తో తరతరాలు నడుములు వంగిన ప్రాంతం మాది, ఆ ప్రశ్న అడిగే హక్కుంది వాళ్లకు. ఫిల్టర్ నీళ్ల క్యాన్, ఐస్ బాక్సు, నూనె డబ్బా మూడూ ముందర కనబడేలా పెట్టాక ఎవరూ అడగడం లేదు. డిస్నీలోనూ ఇలా చూపించేది ఒకటుంది. ఎప్‌కాట్ పార్కులో పడవలో కూర్చోబెట్టి మట్టి లేకుండా కూరగాయలు పెంచే తోటల మధ్య తిప్పుతారు, అక్కడ పండినవాటిలో కొన్ని ఆ పార్కు హోటళ్లలోనే వండి పెడతారు. వాళ్ల వీడియోల్లో నేను మళ్లీ మళ్లీ చూసేది అదొక్కటే.

విసుగు పుట్టించేవీ ఉన్నాయి. మొదటి ముద్ద నోట్లో పడకముందే కళ్లు మూసుకుని ఆహా అనేవాళ్లను నమ్మను. పండగ పండగకూ రంగు మార్చి కొత్త వంటకం అంటారు, లోపల అదే కేకు. టోక్యో పార్కులో కూర మసాలా రుచితో కూడా పాప్‌కార్న్ దొరుకుతుందంటే సంతోషించా, మనకు దగ్గరగా ఉందని. తీరా చూస్తే ఆ వీడియోల్లో జనం గంటలు గంటలు నిలబడేది పాప్‌కార్న్ పోసిచ్చే బొమ్మ డబ్బా కోసం. కొన్నాళ్లకు నేనూ ఇంటినుంచి డబ్బా తెచ్చుకున్నవాళ్లకు రొట్టె ముక్కలు పిడికెడు ఎక్కువ పోస్తా అని బోర్డు పెట్టా. పిల్లలు స్టీలు టిఫిన్లు పట్టుకుని వస్తున్నారు, పొట్లాల కాగితం ఖర్చు కలిసొచ్చింది. ఒకడు ఏకంగా పాల క్యాను తెచ్చాడు, వాడికీ పిడికెడే పోశా.