దూరం నుంచి బీడే కనిపించింది

తాడిపత్రి దాటాక దారి పొడుగునా నాపరాళ్లే. ఇళ్ల ప్రహరీలకు అవే, చేల గట్ల మీద నిలబెట్టినవీ అవే, పాలిష్ యూనిట్ల ముందు దొంతర్లుగా పేర్చినవీ అవే. బెలుం గుహల బోర్డు చూసి కారు తిప్పాం. ఎదురుగా చదును నేల. కాస్త దూరంలో తెల్లటి పెద్ద బుద్ధ విగ్రహం. గుహ ఉండాల్సిన కొండ మాత్రం ఎక్కడా లేదు.

"ఈ బీడు చూడ్డానికట్రా ఇంత దూరం తీసుకొచ్చావు?" అంది అమ్మ. నాకూ ప్రాణం ఉసూరుమంది.

టికెట్ తీసుకుని నాలుగడుగులు వేస్తే నేలలో పెద్ద బావిలాంటి గొయ్యి, అందులోకి మెట్లు. దిగాక పైనున్న చేను, ఎండ, రోడ్డు అన్నీ మాయం. గుహల మొత్తం పొడవు 3,229 మీటర్లు. మనల్ని తిరగనిచ్చేది దాదాపు కిలోమీటరున్నర. ఒకచోట హాలంత వెడల్పు, మరోచోట ఒంగితే తప్ప దూరలేని సందు. గోడల మీద నీళ్లు పారిన చారలు అలలు అలలుగా ఉన్నాయి. వాటి మీద వేలు పెట్టి చూస్తే సాన పట్టినంత నునుపు. దారంతా మాకు విసుగు పుట్టించిన ఆ నాపరాళ్ల సున్నపురాయే ఇదంతా! లక్షల ఏళ్లు నీరు దాన్ని కరిగించుకుంటూ పోతే మిగిలిన ఖాళీ ఇది.

సప్తస్వరాల గుహలో గైడు చిన్న కర్రతో రాతి ఊడను తడితే గుడిగంటలా మోగింది. అమ్మ మళ్లీ కొట్టించుకుని వింది. 1884లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఈ గుహల గురించి రాస్తే, గెబాయర్ అనే జర్మన్ బృందంతో వచ్చి కొలతలు తీసింది 1980లలో. సందర్శకులకు తెరిచింది 2002లో. ఇంతకాలం ఎవరికీ పట్టకపోవడం నాకు వింతగా అనిపించలేదు. పైనుంచి చూస్తే ఏముంది గనక!

లోపల ఉక్క చాలా ఎక్కువ, నూలు బట్టలే వేసుకోండి. గుహ లోపల నీళ్లు పారే పాతాళగంగ దగ్గర మెట్లు మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు కష్టం. అమ్మ అక్కడ దిగకుండా పైమెట్టు దగ్గరే కూర్చుంది.

అక్కడి నుంచి పెన్న లోయ అంచునున్న గండికోట అరవై కిలోమీటర్లు. ఫోన్‌లో ఫొటోలు చూసి ముందే టెంట్ బుక్ చేశాను. ఫొటోలో టెంటు గుమ్మం ముందే లోయ. తీరా చీకటి పడ్డాక వెళ్తే అది ఎక్కడో వెనక చేలో ఉంది. ఇరవై మందికి రెండు బాత్రూములు, చెవులు చిల్లులు పడేలా స్పీకర్లు. పెద్దావిడతో ఉండలేమని చెప్తే సగం డబ్బులే వెనక్కి ఇచ్చారు. ఫొటో చూసి డబ్బు కట్టకండి, లోయకి ఎంత దూరమో ఫోన్ చేసి అడగండి.

రాత్రి జమ్మలమడుగు వచ్చి బస్టాండు దగ్గర ఒక పాత లాడ్జి ముందు ఆగాం. పెచ్చులూడిన గోడ, సగం వెలిగే బోర్డు. అమ్మ మొహం చూసి వెనక్కి తిరగబోయాను. లోపల దుప్పట్లు ఉతికి ఆరేసిన వాసనతో ఉన్నాయి. కౌంటర్లో ఉన్న పెద్దాయన అడక్కుండానే "అమ్మకి వేన్నీళ్లు పంపిస్తా సార్" అన్నాడు. ఆ రాత్రి నిద్రపట్టింది ఆయన చలవే.

తెల్లారకముందే గండికోటకి బయల్దేరాం, పదిహేను కిలోమీటర్లు. కోట గోడ, లోపల చిన్న ఊరు, మసీదు, ధాన్యాగారం, రంగనాథుడి గుడి. విజయనగర రాజుల సామంతులు పెమ్మసాని నాయకులు ఏలిన చోటు. ఇంతదాకా వచ్చినా నది జాడ లేదు. బండరాళ్ల మీదుగా అమ్మని చెయ్యి పట్టుకుని మెల్లగా నడిపించాను. చివరి బండ ఎక్కేసరికి ముందు నేల లేదు. ఇటుకలు పేర్చినట్టున్న ఎర్రటి రాతి గోడలు రెండువైపులా, ఎక్కడో కింద పెన్న.

అంచుకి దగ్గరగా వెళ్లొద్దని చెప్పబోయాను. అమ్మ అప్పటికే బండ మీద కూలబడి, కొంగు నోటికడ్డం పెట్టుకుని చూస్తోంది.

"ఉండరా, ఎండ కిందిదాకా దిగనీ" అంది.