పాత ట్రాక్టర్ ట్రక్కు (ట్రైలర్): రెండు చక్రాలదా, నాలుగు చక్రాలదా?

ఖర్చు: సెకండ్ హ్యాండ్‌లో రెండు చక్రాలదే చవక. నాలుగు చక్రాలదానికి టైర్లు, బేరింగులు రెట్టింపు, పైగా ముందు ఇరుసును తిప్పే టర్న్‌టేబుల్ అరుగుదల చూసుకోవాలి.

లాగుడు: రెండు చక్రాలదాని బరువు కొంత ట్రాక్టర్ వెనక చక్రాల మీద పడుతుంది కాబట్టి కోనసీమ బురదలో పట్టు దొరుకుతుంది. బస్తాలు మరీ ముందుకు సర్దితే గట్టు ఎక్కేటప్పుడు ట్రాక్టర్ ముందు చక్రాలు లేస్తాయి, అదే టెన్షన్. వెనక్కి సర్దితే పట్టు పోతుంది.

రివర్స్: నాలుగు చక్రాలదాన్ని కాలవగట్టు మీద వెనక్కి తీయడం నరకం.

తుప్పు: అంతర్వేది వైపు ఉప్పుగాలికి తిరిగిన బండి ఏదైనా ఒకటే. కొత్త రంగు చూసి మురిసిపోకండి, అడుగురేకును సుత్తితో కొట్టి చూడండి. ట్రైలర్‌కు విడిగా ఆర్‌సీ అడగండి.

చేలోంచి కళ్లానికైతే రెండు చక్రాలది. తారురోడ్డు మీద మిల్లుకు దూరపు కిరాయిలైతే నాలుగు చక్రాలది. కోతలప్పుడు మాత్రమే పని ఉంటే అసలు కొనకండి, బాడుగకు పిలవండి.